మా డాక్టరు పన్ను తీయనన్నాడు, ఇంకో ఆయన తీస్తానంటున్నాడు: ఎవరి మాట వినాల?

ప్రొద్దుటూరు నుంచి ఒకామె చాలా పెద్ద ఉత్తరం రాసినారు, పేరు, వీధి, స్కూలు ఇవన్నీ పక్కనపెట్టి విషయం మాత్రం చెప్తాను. ఆమెకి 37 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచరు, భర్తకి బట్టల షాపు. కింద కుడివైపు చివరి పన్ను, అంటే జ్ఞానదంతం, ఏడాది నుంచి సతాయిస్తా ఉంది. రెండుసార్లు బుగ్గ వాచింది, రెండోసారి అయితే నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదంట, మెడికల్ షాపులో ఏవో మాత్రలు తెచ్చుకుని మింగితే తగ్గింది. షుగర్ ఉంది, మాత్ర వేసుకుంటారు. వాళ్ళింట్లో అందరూ పదేళ్ళకు పైగా ఒకే పళ్ళ డాక్టరు దగ్గర చూపించుకుంటున్నారు, ఆయన వాళ్ళ వీధిలోనే ఉంటాడు, ఆయన భార్య ఈమెతో పాటు అదే స్కూల్లో పనిచేస్తుంది. ఆ డాక్టరు ఓపీజీ, అంటే రెండు దవడలూ పళ్ళన్నీ ఒకే బొమ్మలో కనిపించే ఎక్స్‌రే, తీయించి, చూసి, "ఇది నేను తీయనమ్మా, కడపలో ఓరల్ సర్జన్ దగ్గర తీయించుకోండి" అని ఒక పేరు రాసిచ్చినాడు.

ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది. అత్తగారికి రెండేళ్ళ కింద గుండెకి స్టెంట్ వేసినారు, ఆమె పన్ను కదులుతా ఉంటే ఇదే డాక్టరు గుండె డాక్టరు దగ్గర లెటర్ తెమ్మన్నాడంట. పాపకి క్లిప్పులు వేయాలంటే నెలకోసారి వేరే డాక్టరు వస్తాడు అప్పుడు రండి అన్నాడంట. ఇప్పుడు ఇది. దాంతో అత్తగారు "అన్నీ వేరేవాళ్ళకి పంపేదానికి ఆయప్పకి బోర్డెందుకు, చేతకాదని చెప్పొచ్చు కదా" అంటున్నారు. మరిదేమో "అంతా కమిషన్ వదినా, సర్జన్ దగ్గర నుంచి ఇంత అని వస్తాది" అంటున్నాడు. భర్తకి ఇదే డాక్టరు పై జ్ఞానదంతం పది నిమిషాల్లో తీసినాడు కాబట్టి, నాది తీసినోడు నీది ఎందుకు తీయడు అని ఆయన అనుమానం. బస్టాండు దగ్గర ఇంకో క్లినిక్‌కి తీసుకుపోతే అక్కడి డాక్టరు నోట్లో లైటు వేసి చూసి 4 వేలకి తీసేస్తాం, అరగంట పని అన్నాడు. కడప సర్జన్ దగ్గర 9 వేలు అన్నారు. ఈమె చివర్లో రాసింది నాకు బాగా పట్టుకుంది: "ఇన్నేళ్ళు ఆయన్ని నమ్ముకుంటే తీరా కష్టం వచ్చినప్పుడు చేతులెత్తేసినట్టు అనిపించింది సార్. వేరేచోట తీయించుకుంటే స్కూల్లో ఆయన భార్య ముఖం ఎట్లా చూడాల, తీయించుకోకపోతే నొప్పి ఎట్లా భరించాల, మూతి వంకర పోతుందని ఒకరు, నరం తెగుతుందని ఒకరు భయపెడుతున్నారు, నాకేం అర్థం కావడం లేదు."

అమ్మా, నేను కూడా మీ డాక్టరుగారి లాగా బీడీఎస్ చదివి అనంతపురంలో ప్రాక్టీసు చేసుకుంటున్నవాణ్ణే, కొన్ని పళ్ళు నేను తీస్తాను, కొన్ని తీయను, పంపిస్తాను. కాబట్టి ఆ కుర్చీ పక్కన నిలబడినోడికి ఏం కనిపిస్తుందో ముందు చెప్తాను, తర్వాత మీ ముందున్న దారులు చూద్దాం.

మొదట మీ ఆయన అనుమానం. ఆయనది పై పన్ను, మీది కింది పన్ను, ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. పై దవడ వెనక భాగంలో ఎముక మెత్తగా, గుల్లగా ఉంటుంది, పన్ను పూర్తిగా బయటికి వచ్చి నిటారుగా ఉంటే కదిలించి తీసేయొచ్చు. కింది దవడ ఎముక గట్టిది, అందులోనూ మీ పన్ను అడ్డంగా ముందు పన్నుకి ఆనుకుని పడుకుని ఉందని, సగం చిగురు కిందే ఉందని మీ డాక్టరు చెప్పినట్టు మీరే రాసినారు. మన పక్క శనక్కాయ పంట తెలిసినవాళ్ళకి ఇది సులభంగా అర్థమవుతుంది: నేల పదునుగా ఉంటే చెట్టు పట్టి లాగితే కాయలతో సహా వస్తుంది, నేల బిగుసుకుపోయినాక లాగితే చెట్టు చేతికొస్తుంది, కాయలు నేల్లోనే తెగిపోతాయి. అడ్డంగా ఉన్న కింది పన్ను పట్టి లాగితే వచ్చేది కాదు. చిగురు కోసి, పక్కకి జరిపి, పన్ను చుట్టూ ఉన్న ఎముకని నీళ్ళు పోస్తూ మెషిన్‌తో కొద్దిగా తొలిచి, పన్నుని రెండు మూడు ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్క బయటికి తీసి, కుట్లు వేయాల. అది చిన్నదైనా ఆపరేషనే. మీ ఆయనకి జరిగింది పన్ను పీకడం. పేరు ఒకటే జ్ఞానదంతం కానీ పని వేరే.

ఇప్పుడు మీ ఎక్స్‌రే. మీ దగ్గర ఓపీజీ ఫిల్మ్ ఉందనుకుంటాను, లేకుంటే ఫోన్‌లో ఫోటో అయినా ఉంటుంది, దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూడండి. కింది దవడ లోపల, పళ్ళ వేర్లకి కింద, వెనకనుంచి ముందుకి ఒక కాలువ మాదిరి కనిపిస్తుంది, పైన ఒక సన్నటి తెల్లగీత, కింద ఒక సన్నటి తెల్లగీత, మధ్యలో కొంచెం నల్లగా ఉంటుంది. ఆ కాలువలోనే కింది పెదవికి, గడ్డానికి, కింది పళ్ళకి స్పర్శ ఇచ్చే నరం పోతుంది. ఆ గీతని వేలితో పట్టుకుని వెనక్కి పోతా మీ చివరి పన్ను దాకా వెళ్ళండి. పన్ను వేరు ఆ కాలువ మీద పడే చోట పై తెల్లగీత తెగిపోయినట్టు ఉందా, వేరు ఆ చోట ఉన్నట్టుండి నల్లబడిందా, కాలువ సన్నబడిందా లేక పక్కకి ఒంగిందా? వీటిలో ఏది కనిపించినా, వేరూ నరమూ బాగా దగ్గరగా ఉన్నాయేమో అని డాక్టరు అనుమానించాల. మీ డాక్టరు మీకు చూపించకుండా "తీయను" అన్నాడు, అక్కడే ఇంట్లో ఇన్ని మాటలు పుట్టినాయి. ఆయన రెండు నిమిషాలు ఆగి ఆ గీత చూపించి ఉంటే మీ అత్తగారు ఆ మాట అనేవాళ్ళే కాదేమో. పంపించడం తప్పు కాదు, ఎందుకు పంపిస్తున్నామో చెప్పకపోవడం మాత్రం మా డాక్టర్లందరిలో ఉండే లోటు, అది నేను ఒప్పుకోవాల్సిందే.

ఆ నరం గురించి మీకున్న భయాన్ని కూడా తీర్చాల. అది స్పర్శ నరం. మూతి కదిలించే నరం వేరే, అది వేరే దారిలో పోతుంది. కాబట్టి ఈ ఆపరేషన్‌లో నరానికి దెబ్బ తగిలినా మూతి వంకర పోదు. మత్తు ఇంజెక్షన్ పనిచేస్తున్న రెండు మూడు గంటలు పెదవి వేలాడినట్టు అనిపిస్తుంది, జనం చూసి భయపడేది దాన్నే. నిజంగా దెబ్బ తగిలితే జరిగేది ఏందంటే కింది పెదవి, గడ్డం ఒకవైపు మొద్దుబారినట్టు, చీమలు పాకినట్టు ఉంటుంది. నాలుకకి స్పర్శ ఇచ్చే నరం ఇంకోటి పన్నుకి లోపలివైపు పోతుంది, దానికి తగిలితే నాలుక ఒకపక్క అట్లా ఉంటుంది. చాలామందికి ఏదీ రాదు, వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో మళ్ళీ మామూలవుతుంది, కొద్దిమందికి మాత్రం ఉండిపోతుంది. వేరు నరాన్ని తాకుతూ ఉన్నవాళ్ళకి ఆ ప్రమాదం మిగతావాళ్ళ కన్నా ఎక్కువ. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ డాక్టరు మనసులో ఏం తిరిగి ఉంటుందో తెలియాలని చెప్తున్నాను. (ఇదే సందర్భంగా ఇంకోటి, పై పళ్ళు తీస్తే కంటి చూపు పోతుందని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు, పై పళ్ళ వేర్లకి దగ్గరగా ఉండేది ముక్కు పక్కన ఉండే గాలి గది, కంటి నరం కాదు. ఈ భయంతో పుచ్చిన పళ్ళు పెట్టుకుని ఏళ్ళకేళ్ళు బాధపడేవాళ్ళని చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది.)

ఇక "చేతకాదా" అన్న మాట. బీడీఎస్ అంటే నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ, ఆ తర్వాత డాక్టరు ఫిల్లింగులు, రూట్ కెనాల్, క్యాపులు, పళ్ళ సెట్లు, పళ్ళు తీయడం అన్నీ చేయొచ్చు, జ్ఞానదంతం తీయకూడదని చట్టంలో ఎక్కడా లేదు. కొంతమంది బీడీఎస్ డాక్టర్లు ఈ ఆపరేషన్లు బ్రహ్మాండంగా చేస్తారు కూడా. కానీ ఎండీఎస్ అని ఆ పైన ఇంకో మూడేళ్ళు ఒక్క విభాగమే చదివేవాళ్ళు ఉంటారు, అట్లాంటి విభాగాలు 9 ఉన్నాయి: చిగుళ్ళకి ఒకరు, రూట్ కెనాల్‌కి ఒకరు, క్లిప్పులకి ఒకరు, పిల్లల పళ్ళకి ఒకరు, కట్టుడు పళ్ళకి ఒకరు, ఇట్లా. వాళ్ళలో ఓరల్ సర్జన్ మూడేళ్ళూ చేసే పనే దవడల పని, బైకు మీద పడి దవడ విరిగినవాళ్ళు, దవడలో చీము పట్టినవాళ్ళు, తిత్తులు, అడ్డంగా ఉన్న జ్ఞానదంతాలు. మీ వీధి డాక్టరుకి నెలకి ఒకటో రెండో వచ్చే కేసు ఆయనకి రోజూ వచ్చే కేసు. అంతే తేడా, కానీ ఆ తేడా ఎప్పుడు తెలుస్తుందంటే పని సాఫీగా సాగేటప్పుడు తెలియదు, మధ్యలో అడ్డం తిరిగినప్పుడు తెలుస్తుంది.

సాయంత్రం ఏడున్నరకి పన్ను పైభాగం తీసేసినాక వేరు కొన లోపల విరిగిందనుకోండి, రక్తం వస్తా ఉంది, లైటు సరిగ్గా లోపలికి పడడం లేదు, మత్తు తగ్గుతా ఉంది, పేషెంటు నోరు తెరిచి తెరిచి దవడ పట్టేసింది, బయట ఇంట్లోవాళ్ళు అరగంట అన్నారు కదా అని అడుగుతున్నారు. ఆ కొన నరం మీద కూర్చుని ఉందో లేదో తెలీదు. అక్కడ తవ్వాలా, వదిలేయాలా, కుట్లేసి పంపాలా? రోజూ చేసేవాడికి ఆ క్షణంలో చేతికి తెలుస్తుంది. ఎప్పుడో ఒకటి చేసేవాడు ఆ క్షణాన్ని ఎక్స్‌రే చూసినప్పుడే ముందుగా ఊహించుకుని "ఇది నాది కాదు" అనుకుంటాడు. సగం తీసినాక పంపిస్తే సర్జన్‌కి పని రెట్టింపు కష్టం, వాచిన చోట మళ్ళీ కోయాల, మీకు రెండుసార్లు బాధ, రెండుసార్లు ఖర్చు. మొదలుపెట్టకముందే పంపించిన డాక్టరు మిమ్మల్ని వదిలేసినట్టు కాదమ్మా. పదేళ్ళ నుంచి మీ ఇంటి మనిషిలా ఉన్నాడు కాబట్టే, ఒకే వీధిలో రోజూ మీ ముఖం చూడాల కాబట్టే, ఇంకా జాగ్రత్తపడి ఉంటాడని నాకనిపిస్తుంది.

మీ అత్తగారిది, పాపది కూడా ఇదే కోవలోకి వస్తాయి, త్వరగా చెప్పేస్తాను. స్టెంట్ ఉన్నవాళ్ళు రక్తం పల్చబడే మాత్రలు వాడతారు, మాత్ర వేసుకుంటూ ఉంటే పన్ను తీసినప్పుడు రక్తం కొంచెం ఎక్కువసేపు వస్తుంది, దాన్ని గాజ్ గుడ్డ పెట్టి నొక్కి, కుట్టు వేసి ఆపొచ్చు. కానీ పన్ను కోసమని మాత్ర ఆపేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, అది ప్రాణానికే వస్తుంది. చాలాసార్లు మాత్రలు ఆపకుండానే తీస్తారు. ఏది చేయాలన్నా గుండె డాక్టరు మాట కావాల, అందుకే లెటర్ అడిగినాడు. దయచేసి ఎవరో చెప్పినారని ఆమె మాత్రలు ఇంట్లోవాళ్ళు ఆపొద్దండి. పాప క్లిప్పులు ఏడాదిన్నర రెండేళ్ళు సాగే పని, పళ్ళని ఎముకలో నెమ్మదిగా జరపాల, మొదట్లో లెక్క తప్పితే చివర్లో సరిచేయడం చాలా కష్టం, ఆ చదువు చదివినాయన నెలకోసారి మీ ఊరికే వస్తుంటే అది మీకు మంచిదే. రూట్ కెనాల్‌లో కూడా ఇట్లాగే ఉంటుంది, ముందు పళ్ళది ఎవరైనా చేస్తారు, పై దవడ పన్నులో నాలుగో కాలువ దాక్కుని ఉంటేనో, వేరు బాగా వంగి ఉంటేనో, ఒకసారి చేసింది మళ్ళీ చేయాల్సి వస్తేనో మైక్రోస్కోపు పెట్టుకుని చేసేవాళ్ళ దగ్గరికి పంపడం మంచిది.

కమిషన్ సంగతి దాటేయను. మీ మరిది ఊరికే అనలేదు, వైద్యంలో అట్లాంటివి లేవని చెప్పి నమ్మించాలని చూస్తే అది అబద్ధం అవుతుంది. పేషెంటుని పంపినందుకు డబ్బు తీసుకోవడం దంతవైద్యుల నియమావళి ప్రకారం నిషేధం, అయినా చేసేవాళ్ళు ఉంటారు. కానీ మీ కేసులో ఒక లెక్క చూడండి: డబ్బే కావాలంటే ఆయనే తీసి పూర్తి ఫీజు తీసుకోవచ్చు కదా, అందులో కొంచెం కోసం మిమ్మల్ని కడపకి ఎందుకు పంపుతాడు? అయినా అనుమానం ఉంటే నేరుగా అడగండి, "సార్, మీరు రాసిన సర్జన్ దగ్గరికే పోవాల్నా, మాకు తెలిసిన ఇంకో ఓరల్ సర్జన్ దగ్గరికి పోవచ్చా?" అని. "ఎవరైనా పర్లేదు, ఎండీఎస్ ఓరల్ సర్జన్ అయితే చాలు, ఇదిగో మీ ఎక్స్‌రే, లెటర్ రాసిస్తా" అంటే మీ మరిది అనుమానానికి అక్కడ జాగా లేదు. ఆ ఒక్క పేరే పట్టుకుని, ఎక్స్‌రే ఇవ్వడానికి వెనకాడితే అప్పుడు ఆలోచించండి.

ఇప్పుడు మీరు ఏం చేయొచ్చో చూద్దాం.

మొదటిది, మీ డాక్టరు చెప్పినట్టు కడపకి పోయి సర్జన్‌తో తీయించుకోవడం. ఖర్చు ఎక్కువ, పోయి రావడం ఒకటి, కుట్లు తీయించుకోవడానికి వారం తర్వాత ఇంకోసారి. ఆ రెండోది తగ్గించుకోవచ్చు, "కుట్లు మా ఊరి డాక్టరు తీస్తే సరిపోతుందా" అని సర్జన్‌ని అడగండి, చాలామంది సరే అంటారు. 9 వేలలో ఏమేం ఉన్నాయో కూడా అడగండి, మందులు, తర్వాత చూపించుకోవడం, త్రీడీ స్కాన్ అవసరమైతే అది అందులోనా బయటనా అని. ఓపీజీ బల్లపరుపు బొమ్మ, అందులో నరం మీద వేరు పడినట్టు కనిపించినా నిజానికి మధ్యలో జాగా ఉండొచ్చు, ఆ సంగతి తేలాలంటే సర్జన్ సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ రాస్తాడు, రాస్తే అది డబ్బు గుంజడం అనుకోవద్దు. వేర్లు నిజంగానే నరాన్ని చుట్టుకుని ఉంటే పన్ను పైభాగం మాత్రం తీసి వేర్లు లోపలే వదిలేసే పద్ధతి కూడా ఉంది, అది మీకు సరిపోతుందో లేదో ఆయన చెప్పాల. తీసేరోజు ఎవరినైనా వెంట తీసుకుపోండి, ఒక్కరే బస్సెక్కొద్దు.

రెండోది, డబ్బు ఇబ్బంది అయితే కడపలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, రిమ్స్ పెద్దాసుపత్రి ఆవరణలో. ఖర్చు చాలా తక్కువ. కర్నూలు పక్క మీకు బంధువులుంటే అక్కడ పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో చదువుకుంటున్న డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, కాబట్టి టైం ఎక్కువ పడుతుంది, చీటీ, లైను, ఎక్స్‌రే గది, మళ్ళీ ఇంకోరోజు రమ్మనడం, ఇవన్నీ ఉంటాయి. స్కూలు సెలవులు ఎక్కువ పెట్టలేని మీకు అది కష్టమేమో. కానీ విద్యార్థులు చేస్తారని భయపడాల్సిన పనిలేదు, చేతికి చిక్కనప్పుడు పక్కనే ప్రొఫెసర్ ఉంటాడు, బయట క్లినిక్‌లో ఒంటరిగా ఉన్న డాక్టరుకి ఆ సాయం ఉండదు.

మూడోది మీకు తట్టి ఉండదు. పాప క్లిప్పులకి వేరే డాక్టరు ఆ క్లినిక్‌కే వస్తున్నాడు కదా, అట్లాగే ఓరల్ సర్జన్ కూడా చిన్న ఊళ్ళకి వచ్చి చేసిపోవడం మామూలే. "ఆ సర్జన్‌ని మీ క్లినిక్‌కే పిలిపించగలరా సార్" అని అడగండి. కుదిరితే మీ ఊళ్ళోనే, మీకు తెలిసిన కుర్చీలోనే అయిపోతుంది, మర్నాడు వాచినా వీధి చివరే డాక్టరు ఉంటాడు. కుదరకపోవచ్చు కూడా, నరం మరీ దగ్గరైతే సర్జనే తన దగ్గర పరికరాలన్నీ ఉన్నచోట చేస్తానంటాడు.

నాలుగోది బస్టాండు దగ్గర క్లినిక్. ఆ డాక్టరు గురించి నాకేం తెలీదు, చెడ్డగా ఒక్క మాట అనను. కానీ మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఒకటే: లైటు వేసి చూసి తీసేస్తాం అన్నాడు, ఎక్స్‌రే అడగలేదు. అడ్డంగా ఉన్న కింది పన్ను గురించి ఓపీజీ చూడకుండా అరగంట పని అని ఎవరూ చెప్పలేరు, నోట్లో కనిపించేది దాని నెత్తి మాత్రమే. కాబట్టి అక్కడికే పోవాలనుకుంటే ఎక్స్‌రే పట్టుకుని మళ్ళీ పోండి, చూపించి అడగండి, "తీసేది మీరేనా, సర్జన్ వస్తాడా? నరం ఎంత దగ్గరుంది? వేరు విరిగితే ఏం చేస్తారు? నాకు షుగర్ ఉంది, ఏం చూసుకోవాల?" అని. ఎక్స్‌రే చూసి ఆయన కూడా సర్జన్ పేరే చెప్పొచ్చు, అప్పుడు మీకు ఇద్దరి మాటా ఒకటే అవుతుంది. లేదా అనుభవం ఉన్నవాడై వివరంగా సమాధానం చెప్తే అది కూడా ఒక దారే. ప్రశ్నకి విసుక్కుంటే, "నాకు వదిలేయండమ్మా" అంటే మాత్రం ఆ 5 వేల మిగులు కోసం కూర్చోవద్దని నా మాట.

ఐదోది, ఏమీ చేయకుండా ఉండడం. జ్ఞానదంతాలన్నీ తీయాల్సిన పనిలేదు, ఏ ఇబ్బందీ పెట్టకుండా ఎముకలో పడుకుని ఉంటే చూస్తా ఊరుకోవచ్చు. మీది అట్లా కాదు. సగం తెరుచుకున్న చిగురు కింద అన్నం, బ్యాక్టీరియా చేరి రెండుసార్లు వాచింది, మూడోసారి వస్తుంది, ఎప్పుడొస్తుందో తెలీదు. ముందున్న మంచి పన్ను వెనకవైపు పుచ్చడం మొదలైతే మీకు తెలిసేసరికి ఒకటి పోయి రెండు పళ్ళు పోతాయి. వయసు పెరిగే కొద్దీ ఎముక గట్టిపడుతుంది, పని కష్టమవుతుంది, మానడానికి టైం పడుతుంది. దసరా సెలవుల దాకా ఆగుతానంటే ఆగండి, ఏళ్ళ తరబడి ఆగొద్దు.

మెడికల్ షాపు మాత్రల గురించి కూడా. అవి వాపు తగ్గిస్తాయి, కారణం అక్కడే ఉంటుంది. ఆ మాత్రల పేరు, ఎన్ని రోజులు వేసుకున్నారో సర్జన్‌కి చెప్పండి. పోయేముందు షుగర్ పరీక్ష చేయించుకుని కాగితం తీసుకుపోండి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఉంటే మంచిది, షుగర్ అదుపులో లేకుంటే చీము పట్టే అవకాశం ఎక్కువ, మానడం ఆలస్యం. మత్తు ఇంజెక్షన్ కదా అని పస్తు ఉండి, షుగర్ మాత్ర మానేసి పోవద్దు, పన్ను ఒక్కటే మొద్దుబార్చి చేసేదానికి మామూలుగా తిని, మాత్ర వేసుకునే పోవాల, సర్జన్ వేరే విధంగా చెప్తే అప్పుడు ఆయన మాట వినండి. తీసినాక రెండు మూడు రోజులు వాపు ఎక్కువ ఉంటుంది, అది మామూలే. మొదటిరోజు బయటనుంచి ఐసు, చల్లగా మెత్తగా పెరుగన్నం, మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, కారం లేని మెత్తటి సంగటి. గట్టిగా పుక్కిలించి ఉమ్మొద్దు, లోపల గడ్డకట్టిన రక్తం ఊడిపోతే మూడోరోజు నుంచి చెవి దాకా లాగే నొప్పి వస్తుంది, అట్లా వస్తే భరిస్తా కూర్చోకుండా పోయి చూపించుకోండి, లోపల మందు పెడతారు. టీచరు కాబట్టి నోటితో పని, నాలుగైదు రోజులు సెలవు చూసుకోండి.

ఈలోగా మళ్ళీ వాస్తే, దాంతో పాటు జ్వరం వచ్చి మింగలేకపోతే, నాలుక కింద గట్టిగా వాస్తే, ఊపిరి పీల్చుకోవడం కష్టమైతే అప్పుడు ఏ క్లినిక్ అని ఆలోచించొద్దు, రాత్రైనా సరే నేరుగా పెద్దాసుపత్రికి పోండి. దవడ కింద చీము గొంతులోకి దిగితే గంటల్లో ప్రమాదం అవుతుంది, షుగర్ ఉన్న మీరు అసలు ఆలస్యం చేయకూడదు.

ఇక డాక్టరుగారి భార్య ముఖం ఎట్లా చూడాలని అడిగినారు. నా ఉద్దేశంలో మీరు మొదట పోవాల్సింది కడపకీ కాదు, బస్టాండుకీ కాదు, ఆయన క్లినిక్‌కే, వీలైతే మీ ఆయన్ని కూడా తీసుకుని. "సార్, మీరు తీయనన్నప్పుడు మాకు కొంచెం కష్టమనిపించింది, ఇంట్లో అందరూ తలా ఒకటి అంటున్నారు, ఎక్స్‌రేలో మీకేం కనిపించిందో మాకు ఒకసారి చూపించండి" అని అడగండి, ఇందులో మర్యాద తక్కువ మాట ఒక్కటీ లేదు. బస్టాండు క్లినిక్‌కి పోయిన సంగతి కూడా చెప్పేయొచ్చు, రెండో డాక్టరుని అడగడం పేషెంటు హక్కు, మంచి డాక్టరు దానికి నొచ్చుకోడు. ఆ తర్వాత మీరు ఏ దారి పట్టినా ఆయనకి తెలిసే పట్టినట్టు అవుతుంది, స్కూల్లో ఆమె దగ్గర దాచాల్సింది ఏమీ మిగలదు. ఒకవేళ ఆయన ముఖం ముడుచుకుంటే, అడిగినందుకు మీది తప్పు కాదని నేను చెప్తున్నాను, ఎక్స్‌రే అడిగి తీసుకుని సర్జన్ దగ్గరికి పోండి. తీయించుకున్నాక ఎట్లా ఉందో నాకు రాయండి.